పైకి పోయినారు

సోమవారం. పైన 51 డిగ్రీలు.

ఈ పుస్తకంలో లిఫ్టు సంగతులు తప్ప ఇంకేం రాయగూడదని ఊరి సంఘం రూలు. ఎవురు ఎక్కినారు, ఎవురు దిగినారు, తాడుకు నూనె పెట్టినామా లేదా, అంతే. శానా ఏండ్లుగా అట్లే రాస్తాండా. ఈ వారం మాత్రం సినిమా సంగతి కూడా రాస్తా. సంఘమోళ్ళు తిడితే తిట్టనీ.

పొద్దన నాలుగ్గంటలకు సోలారు పలకలు తుడిచేవాళ్ళను ఎక్కించుకొని పోయినా. ఏడు కాకముందే దించేసినా. ఏడు దాటితే పైన మనిషి నిలబడలేడు. మళ్ళా సందకాడ ఇంకో జట్టు. "పైకి పోయొస్తాం సామీ" అని ఎక్కుతారు, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకొని దిగుతారు. మన్ను కిందుండే మా కిందూర్లో పుట్టిన పిల్లోళ్ళకు ఉద్యోగమంటే అదే. "పెద్దయినాక ఏం చేస్తావురా?" అని అడిగితే "పైకి పోతా" అంటారు.

మధ్యాన్నం సరుకుల పెట్టెలో సినిమా వచ్చింది. గోరంత బిళ్ళ. దాన్ని చూడనీకి బడి కాడ అరవై మంది గుమికూడినారు. బిళ్ళలో ఏం కనపడతాది నాయనా అంటే ఎవురూ వినరే!

దస్తగిరమ్మ టీచరు రాసిన నవల అది. ఊర్లో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆయమ్మే. కోస్తా పక్క కొండల మీదుండే ఒక కంపెనీ సినిమా తీసింది. తీసేది మనుషులు కాదులే. పుస్తకం మింగి సినిమా కక్కే మిషను ఉండాదంట వాళ్ళకాడ. పక్కన ముగ్గురు కూచొని సరిచూస్తారంట.

నవల్లో టీచరు జరగనిదాన్ని జరిగినట్టు రాసింది. జరిగింది ఇది. ఇరవై రెండేండ్ల కింద మూడో సొరంగంలో బ్యాటరీల గదికి నిప్పంటుకుంది. పొగ గంట మోగితే లిఫ్టు నడిపేవాడు వంద లెక్కపెట్టాల, తలుపు మూసి పైకి పోవాల. లేకుంటే ఆ పొగ లిఫ్టు బావిలోంచి ఊరంతా పాకుతాది. ఆ పొద్దు లిఫ్టు నాది. తలుపు మూసి నేనొక్కణ్ణే పోయినా. నలభై ఒక్క మంది కింద మిగిలిపోయినారు. విచారణ జరిపి, రూలు ప్రకారమే చేసినాడు, ఓబులేసు తప్పు లేదని తేల్చినారు.

టీచరు నవల్లో నేను వంద దాటినా మూయను. నూటముప్పై దాకా లెక్కపెడతా. ఒక్కొక్కరే దగ్గుకుంటా వచ్చి ఎక్కుతారు. "అందరూ పైకి పోయినారు" అనే వాక్యంతో పుస్తకం అయిపోతాది. ఆ నలభై ఒక్క ఇండ్లల్లోనూ ఆ పుస్తకం ఉండాది, చదవనొచ్చినా రాకున్నా.

చౌడమ్మక్క కూడా బడి కాడికి వచ్చింది. నేను పక్కనే ఉన్నా నన్నడగలే, టీచర్ని అడిగింది. "మా సుంకన్న ఎంతసేపు కనపడతాడమ్మా?" అని. సుంకన్న ఆయమ్మ ఒక్కగానొక్క కొడుకు. అప్పటికి పందొమ్మిదేండ్లు వానికి. నన్ను మామా, మామా అని పిలిచేవాడు. ఆ పొద్దు నుంచి చౌడక్క నాతో ఒక్క మాట మాట్లాడలే. ఆయమ్మను తప్పుపట్టను నేను.

ఆదివారం మధ్యాన్నం ఊరందరికీ ఆట. అంతకుముందు నేనూ టీచరూ ఒకసారి చూసి పెట్టాలని సంఘం చెప్పింది. తెర నడిపేది కూడా నేనే కదా.

మంగళవారం. పైన 52.

చూసినాం. ఏం చెప్పమంటారు?

మొదటి బొమ్మలోనే లిఫ్టు. బంగారు రంగు, చుట్టూ అద్దాలు, నేల మీద ఎర్ర తివాచీ. "ఇదేం లిఫ్టప్పా, పెండ్లి మండపమా?" అంటి. తర్వాత నేను వచ్చినా, అంటే తెర మీది నేను. పాతికేండ్ల పిల్లోడు, నున్నటి గడ్డం, రాయి మాదిరి కడుపు. నాకు పొట్ట తీసేసినారు, ఆ ఒక్కదానికి కంపెనీకి దండం పెట్టొచ్చు.

ఊర్లోవాళ్ళందరూ వెండి పళ్ళేలల్లో ఇడ్లీలు తింటాండారు. "ఇది సంగటి తినే ఊరు కదరా నాయనా" అని గొణుక్కుంది టీచరు. సొరంగంలో ఒక పాట. ఆ పాటలో వాన. మన్ను కింద నాలుగు వందల అడుగుల లోతులో వాన కురిపించినారు మహానుభావులు! ఇంక మాటలా, అందరూ "అండీ, అండీ" అనేవాళ్ళే. పొగలో ఊపిరాడక సస్తా కూడా ఒకడు "కాస్త జరుగుతారా అండీ" అంటాండాడు. నాకు నవ్వాగలే. టీచరు కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. సరేలే, ఎంతైనా సినిమా కదా, మనోళ్ళు కనపడితే చాలనుకున్నాం.

ఆఖర్న గంట మోగింది. తెర మీది నేను తలుపు తెరిచి పట్టుకొని లెక్కపెడతాండా. వంద దాటింది. అందరూ వచ్చినారు, ఎక్కినారు. టీచరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో వాళ్ళ వెనకాలే పొగ లోపలికి దూరింది. ఒకరి మీద ఒకరు పడిపోయినారు, నాతో సహా. తర్వాత ఒకటే తెల్లటి వెలుతురు. ఆ వెలుతుర్లో అందరూ తెల్ల గుడ్డలతో మెల్లగా లేస్తాండారు, కండ్లు సగం మూసుకొని. కింద అక్షరాలు పడినాయి. "అందరూ పైకి పోయారు."

సినిమా అయిపోయింది. నాకు మొదట అర్థం కాలే. లేస్తాండారు కదా, బాగుండాది కదా అనుకున్నా. టీచరుకు అర్థమయ్యింది.

"చంపేసినారు ఓబులేసూ" అనింది. "నేను బతికిచ్చుకుంటే, వీళ్ళు మళ్ళా చంపేసినారు."

పుస్తకం రాయనీకి ఆయమ్మకు తొమ్మిదేండ్లు పట్టింది. మూడో సొరంగంలో పోయినోళ్ళలో పద్నాలుగు మంది ఆయమ్మ బడిలో చదివినోళ్ళే. ఏడ్సలే ఆయమ్మ. ఏడ్చినా బాగుండేది.

బుధవారం. పైన 52. దుమ్ము తగ్గింది, ఫోను పలికింది.

కంపెనీలో హిమవర్ష అని ఒక పిల్ల మాట్లాడింది. సరిచూసే ముగ్గుర్లో ఒకతె. టీచరు "అమ్మా, అందరూ పైకి పోయినారు అని రాసినాను కదా, ఎందుకు చంపినారు?" అని అడిగింది.

"టీచర్ గారూ... మా వైపు పైకి పోయారంటే కాలం చేశారనేనండీ" అనింది మెల్లగా.

మా వైపు కాదనా? పాత పుస్తకాల్లో మేమూ చదివినాం. కానీ కిందూర్లో రోజుకు రెండు సార్లు పైకి పోయి వచ్చేవాళ్ళం, ఆ మాటకు ఆ అర్థం ఉండాదని మర్చేపోయినాం. రాసిన టీచరుకే మతికి రాలే, అచ్చు దిద్దిన నాకూ రాలే.

"నవల అట్ట మీదనే చరిత్ర మార్చిన కథ అని ఉండాది కదమ్మా?" అని అడిగింది టీచరు.

"ఉందండీ. మార్పంటే లిఫ్టాయన తలుపు మూయకపోవడం అనుకున్నాం. ఆయన ఆగాడు, విధి ఆగలేదు అని. ముగ్గురికీ అలాగే అర్థమైంది. మిషను కూడా అలాగే తీసింది. నాకు చాలా గొప్పగా అనిపించింది కూడా." ఆ పిల్లే మళ్ళా అందుకుంది. "మా అమ్మమ్మది కూడా కింద ఊరేనండీ. ఆవిడనైనా అడిగి ఉండాల్సింది. క్షమించండి."

బొమ్మలు మార్చడానికి లేదంట, తాళం పడిపోయిందంట. గొంతులు మాత్రం ప్రతి ఊరూ తన యాసలో తాను పెట్టుకోవచ్చంట. శనివారం సాయంత్రం లోపల పంపిస్తే కలిపి ఇస్తామనింది. పిల్ల మంచిదే. తప్పు చేసినాక ఫోను పెట్టేయకుండా మాట్లాడేవాళ్ళు ఎంతమంది?

ఇంక రాయాల్సిన మాట ఒకటి ఉండాది. విధి ఆగలేదు అని ఆ పిల్ల అన్నప్పుడు, నా గుండెల మీది రాయి జరిగినట్టయ్యింది. నేను ఆగినా సచ్చేవాళ్ళే. సినిమా అదే చెప్తాండాది. ఆదివారం ఊరంతా అది చూస్తారు, పాపం ఓబులేసు ఏం చేస్తాడులే అనుకుంటారు. ఎంత పాడు సినిమా అయినా ఆ ముక్క నాకు నచ్చింది. అట్లే వేసేస్తే పోలేదా అనుకున్నా. సంగటి తింటా అనుకున్నా, తాడుకు నూనె పెడతా అనుకున్నా.

ఎందుకంటే నేను వంద లెక్కపెట్టలే. అరవై రెండు కాడ మూసేసినా.

విచారణలో వంద అని చెప్పినా. ఇంట్లో నా పెండ్లాం బతికున్నప్పుడు ఆయమ్మకూ వంద అనే చెప్పినా. పొగ కండ్లల్లోకి వచ్చింది. భయమయ్యింది. ఏలు దానంతటదే మీట మీదికి పోయింది. లిఫ్టు లేసినాక కూడా నా నోరు లెక్క ఆపలే. ఎనభై ఏడు కాడ కింద తలుపును ఎవురో చేత్తో కొట్టినారు. మూడు సార్లు కొట్టినారు. ఎవురి చెయ్యో నాకు తెలీదు.

గురువారం. పైన 53.

టీచరు రాత్రంతా నిద్రపోయినట్టు లేదు, కానీ పొద్దన్నే నాలుగు కాగితాలు పట్టుకొని లిఫ్టు కాడికి వచ్చింది.

"బొమ్మలు వాళ్ళవి, గొంతులు మనవి. గొంతుతో లాగుదాం మనోళ్ళను" అనింది.

"యాడికి లాగుతావు టీచరమ్మా? పడిపోయినారు కదా?"

"తోపులాటలో పడినారు. దగ్గు పెడదాం. సచ్చినోడు దగ్గడు."

"తెల్ల గుడ్డలు?"

"దుమ్ము. సున్నపు గోడలకు రాసుకుంటా పరిగెత్తలేదా?"

"గాల్లో లేస్తాండారే!"

"లిఫ్టు లేస్తాది, మనుషులు లేస్తారు. నీ తాడు శబ్దం వెయ్యి. దరిద్రపు శబ్దం, వింటే ఊర్లో ఎవురైనా గుర్తుపడతారు."

"మరి ఆ వెలుతురు?"

టీచరు నా పక్క చూసింది. "దేవలోకమని ఎవురు చెప్పినారు? మిట్ట మధ్యాన్నం ఎండ. మనోళ్ళు ఎవురైనా ఎప్పుడైనా చూసినారా దాన్ని? 'అమ్మో ఎండ, కండ్లు మూసుకోండి' అని ఒక గొంతు పెడితే సరి."

తెలివంటే అది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ పట్టుకుంది. గొంతులు పెడితే వాళ్ళు బతుకుతారు. వాళ్ళు బతకగలిగేవాళ్ళే అని ఊరికి తెలుస్తాది. నేను ఆగివుంటే.

"పోయినోళ్ళకు వాళ్ళ ఇంటోళ్ళే గొంతులియ్యాల. నీకు నువ్వే" అనింది టీచరు.

"నాకు ఇంకెవురినైనా పెట్టు. నా గొంతు బొంగురు."

"నీ గొంతు కాకుంటే ఎవురు నమ్ముతారు ఓబులేసూ?" అనింది. అమాయకంగానే అనింది. వంద అని నేను చెప్పిన మాటను నమ్మే కదా తొమ్మిదేండ్లు రాసింది.

ఆయమ్మతో చెప్పేద్దామని నోరు తెరిచినా. పైనుంచి పొద్దటి జట్టు గంట కొట్టింది. తప్పించుకున్నా అనుకొని పోయి దించినా.

శుక్రవారం. పైన 52.

బడి గదికి దుప్పట్లు కట్టినాం, ప్రతిధ్వని రాకుండా. బయట బెంచీల మీద జనం. ఎవురి మాట వాళ్ళు కాగితం మీద రాయించుకొని గొణుక్కుంటాండారు. అందరికంటే ముందు చౌడక్క లోపలికి వచ్చింది.

"మగపిల్లోని గొంతు కదక్కా, పక్కింటి పిల్లోళ్ళు ఎవురైనా చెప్తారులే" అనింది టీచరు.

"వాడు ఎట్లా మాట్లాడతాడో వాళ్ళకేం తెలుసు?" అని మైకు ముందర కూచునింది చౌడక్క.

నవల్లో సుంకన్న ఆఖర్న వస్తాడు. "మామా, ఉండు, నేనొస్తాండా" అంటాడు. నేను "నిదానంగా రా నాయనా, నేనేడికి పోతా?" అనాల. ఇంతే.

చౌడక్క చెప్పింది. అరవై ఐదేండ్ల ముసలామె గొంతే. కానీ మామా అనే మాటను వాడు సాగదీసినట్టే సాగదీసింది. నా నోట్లోంచి మాట రాలే. టీచరు మళ్ళా అనింది. చౌడక్క మళ్ళా చెప్పింది. నేను "నిదానంగా" అని ఆగిపోయినా. మూడోసారి చౌడక్క నా పక్క తిరిగి చూసింది. ఇన్నేండ్లకు మొదటిసారి మొహం మీదికే చూసింది.

"అక్కా, నేను వంద లెక్కపెట్టలేదు" అంటి. "అరవై రెండు కాడ మూసేసినా. భయపడి మూసినా. తర్వాత ఎవురో తలుపు కొట్టినారు."

టీచరు చేతిలో కాగితాలు కింద పడినాయి. చౌడక్క లేసి, కొంగు సర్దుకొని బయటికి పోయింది. బయటోళ్ళు ఏమైందక్కా, ఏమైంది అని అడుగుతాండారు. జవాబు చెప్పినట్టు నాకు వినపడలే.

టీచరు కాగితాలు ఏరుకుంది. "నూటముప్పై అని రాసినా నేను" అనింది. "నిన్ను ఎంత మంచోణ్ణి చేసి రాసినానురా."

"అవును టీచరమ్మా."

"ఇంటికి పో. రేపు చూద్దాం."

సందకాడి జట్టును ఎక్కించినా, దించినా. ఎవురికీ ఏమీ తెలిసినట్టు లేదు. ఎప్పటి మాదిరే నాకు బొరుగులు పెట్టినారు. తినలేకపోయినా.

శనివారం. పైన 51.

ఎవురూ రారనుకున్నా. పలకల జట్టును దించి, తాడు చూసుకొని, ఎనిమిదింటికి బడికి పోయినా. చౌడక్క అప్పటికే మైకు ముందర ఉండాది. టీచరు గోడకు ఆనుకొని నిలబడి ఉండాది. ఇద్దరి కండ్లూ ఎర్రగా ఉండాయి.

"నేను నిన్ను క్షమించనీకి రాలే" అనింది చౌడక్క.

"తెలుసక్కా."

"తెలుసు అనొద్దు. నీకేం తెలుసు? నా కోపం నా కాడనే ఉంటాది, సచ్చేదాకా ఉంటాది. రేపు సినిమాకు ముందర ఊరందరికీ నువ్వే లేసి చెప్పాల, ఎన్ని లెక్కపెట్టినావో. నీ కోసరం నేను చెప్పను."

"చెప్తా."

"అది రేపటి సంగతి." కొంగుతో మొహం తుడుచుకుంది. "రాత్రంతా చూస్తాండా, వాడు ఆ తలుపు కాడనే నిలబడి ఉండాడు. ఇరవై రెండేండ్లుగా నిలబడే ఉండాడు. ముందు వాణ్ని ఎక్కించు. లెక్కపెట్టు, ఒకటి నుంచి."

టీచరు మిషను ఆన్ చేసింది. నేను లెక్కపెట్టినా. ఒకటి, రెండు, మూడు. తెర మీద ఆ నున్నటి గడ్డం పిల్లోడు పెదాలు కదుపుతాండాడు, పక్కన నా బొంగురు గొంతు. యాభై దాటింది. అరవై. అరవై ఒకటి. అరవై రెండు. ఆడ ఆగినా. చౌడక్క నన్ను చూడ్డం లే, తెరనే చూస్తాండాది.

"ఊఁ" అనింది.

"అరవై మూడు" అంటి. "అరవై నాలుగు." తర్వాత ఆగలే. ఎనభై ఏడు కాడ కూడా ఆగలే. ఏడుస్తాండా, కానీ లెక్క తప్పలే. వంద దాటినా. నూటపది. నూట ఇరవై.

అప్పుడు సుంకన్న మాట రావాల. చౌడక్క చేతిలోని కాగితం మడిచి పక్కన పెట్టేసింది. పుస్తకంలోని మాట చెప్పలే.

"మామా" అనింది, "నా చెప్పులు యాడనో పోయినాయి మామా. మాయమ్మ తిడతాదేమో. ఉత్తకాళ్ళతోనే వస్తాండా, ఉండు."

అది టీచరు రాసింది కాదు. నేనూ కాగితం చూడలే.

"చెప్పులు పోతే పోయినాయి లేరా" అంటి. "మీ అమ్మతో నేను చెప్తా. రా నాయనా, తలుపు పట్టుకొనే ఉండా. జరగండప్పా, పిల్లోనికి చోటియ్యండి."

చౌడక్క కుర్చీలో ముందుకు వంగి కూచుండిపోయింది. టీచరు పోయి ఆయమ్మ వీపు మీద చెయ్యి పెట్టింది. మిషను మాత్రం ఆపలే. బయట బెంచీల మీద జనం గొంతులు సవరించుకుంటాండారు, ఇంకా నలభై మంది ఎక్కాల.